విడిపోయిన అమ్మానాన్నలకు పిల్లల చదువు గైడ్: స్కూల్ ఎవరు తేల్చాలి, ఫీజు ఎవరు కట్టాలి, ఏమేం రాయించుకోవాలి

నేను తిరుపతిలో ఒక ప్రైవేట్ స్కూల్ ఆఫీసులో పని చేస్తా. అడ్మిషన్లు, టీసీలు, ఫీజు రసీదులు అన్నీ నా టేబుల్ మీద నుంచే పోతాయి. లాయర్ని కాదు, ముందే చెప్తున్నా, మీ కేసు లోతుపాతులు మీ లాయరుకే తెలుస్తాయి. కానీ విడాకులైనోళ్లు, విడాకులు లేకుండానే ఎవరి దారిన వాళ్లు ఉంటున్నోళ్లు కోర్టు ఆర్డర్ జిరాక్సులు పట్టుకొని మా కౌంటర్‌కి వస్తానే ఉంటారు, వాటిని చదివి చదివి ఒకటి మాత్రం బాగా అర్థమైంది. పెళ్లప్పుడు పెట్టిన బంగారం గురించి రెండు పేజీలు రాసుకుంటారు, బిడ్డ చదువు గురించి "విద్యా ఖర్చులు తండ్రి భరించవలెను" అని ఒక్క లైను రాసి వదిలేస్తారు. తర్వాత ఏళ్లకేళ్లు ఆ ఒక్క లైను మీదే కొట్టుకుంటారు. వ్యాన్ ఫీజు విద్యా ఖర్చా కాదా, అబాకస్ క్లాసు లెక్కలోకొస్తుందా రాదా, నన్నడక్కుండా స్కూల్ ఎట్లా మారుస్తారు, ఇవే గొడవలు. అందుకే ఈ గైడ్ మొత్తం ఆ ఒక్క లైన్ని సరిగ్గా ఎట్లా రాయించుకోవాలి, రాయించుకున్నాక ఎట్లా నడిపించుకోవాలి అనే దాని చుట్టూనే ఉంటుంది.

1. ముందు మూడు సంగతులు విడదీసి చూడండి

కస్టడీ, గార్డియన్‌షిప్, ఖర్చు. ఈ మూడింటినీ కలిపి ముద్ద చేసేస్తారు, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

కస్టడీ అంటే బిడ్డ రోజూ ఎవరి దగ్గర పెరుగుతుంది అని. హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం, 1956 ప్రకారం 5 ఏళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. 5 దాటితే ఆటోమేటిక్‌గా నాన్న దగ్గరికి వచ్చేస్తుంది అని కొంతమంది నాన్నలు అనుకుంటారు, అట్లాంటిదేం లేదు. అదే చట్టం 13వ సెక్షన్‌లో బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యం అని ఉంది, కోర్టు చూసేది అదే. కాస్త ఊహ తెలిసిన బిడ్డయితే జడ్జి గారు ఛాంబర్‌లోకి పిలిచి అడుగుతారు కూడా, అయితే ఫలానా వయసు అని చట్టంలో గీత గీసి పెట్టలేదు, బిడ్డ చెప్పిందే ఫైనల్ అని కూడా లేదు.

గార్డియన్‌షిప్ అంటే బిడ్డ తరఫున సంతకం పెట్టే, పెద్ద నిర్ణయాలు తీసుకునే హక్కు. చట్టంలో తండ్రి పేరు ముందు, తల్లి పేరు తర్వాత ఉంటుంది, దాన్ని పట్టుకొని "తండ్రి బతికుండగా తల్లి సంతకం చెల్లదు" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. ఆమె కొడుకు పేరు మీద బాండ్లు కొనబోతే తండ్రి సంతకం కావాలని రిజర్వ్ బ్యాంక్ అడిగింది, ఆమె కోర్టుకెళ్లింది. తండ్రి బతికున్నా సరే, బిడ్డ ఆలనాపాలనా ఆయన చూడకపోతే తల్లి గార్డియన్‌గా నిలబడొచ్చు అని తీర్పు వచ్చింది. కాబట్టి అమ్మ ఒక్కతే వచ్చి అడ్మిషన్ ఫారం మీద సంతకం పెడితే చెల్లుతుంది.

ఖర్చు సంగతి ఈ రెండింటితో సంబంధం లేనిది. బిడ్డని చూపించట్లేదు కాబట్టి ఫీజు కట్టను అనడం తప్పు, ఫీజు కట్టట్లేదు కాబట్టి బిడ్డని చూపించను అనడం కూడా తప్పే. రెండూ విడివిడి బాధ్యతలు, ఒకటి ఆగిందని ఇంకోటి ఆపితే కోర్టులో మీరే ఇరుక్కుంటారు.

2. మీ కేసు ఏ దారిలో పోవాలో తేల్చుకోండి

విడాకుల కేసు ఇప్పటికే నడుస్తా ఉంటే కొత్త కేసు అక్కర్లేదు, హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద అదే కోర్టులో పిల్లల కస్టడీ, పోషణ, చదువు మూడింటికీ అప్లికేషన్ వేసుకోవచ్చు. కేసు నడిచేటప్పుడు వేసే పోషణ, చదువు అప్లికేషన్‌ని అవతలోళ్లకి నోటీసు అందిన 60 రోజుల్లోపు, వీలైనంతవరకు తేల్చాలి అని ఆ సెక్షన్‌లోనే ఉంది. వాయిదాల మీద వాయిదాలు పడతా ఉంటే ఈ 60 రోజుల మాట మీ లాయరుకి గుర్తు చేయండి.

విడాకుల కేసే లేదు, ఊరికే వేరేగా ఉంటున్నాం అంటే గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1890 ఉంది, ఇది ఏ మతం వాళ్లకైనా వర్తిస్తుంది. బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటుందో ఆ ప్రాంతం కోర్టులోనే కేసు వేయాలి. అమ్మ పుట్టిల్లు పలమనేరు, బిడ్డ అక్కడే చదువుతా ఉంటే నాన్న బెంగళూరులో కేసు వేసి తిప్పుదాం అనుకుంటే కుదరదు. డబ్బులు మాత్రమే కావాలంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్, పాత 125 కేసు అని మనోళ్లు ఇప్పటికీ అంటారు చూడండి, అదే ఇది, 2024 జూలై 1 నుంచి నంబర్ మారింది అంతే. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉండి బయటికొచ్చిన తల్లులకి గృహహింస చట్టం, 2005 కింద బిడ్డ తాత్కాలిక కస్టడీ, ఖర్చులు రెండూ అడిగే వీలుంది. హింస బిడ్డ మీద కూడా జరిగి ఉంటే స్కూల్లోకి రాకూడదు అని కూడా ఆర్డర్ తెచ్చుకోవచ్చు, ఈ ముక్క చాలామందికి తెలియదు.

లాయరు ఫీజుకి డబ్బుల్లేవని ఆగిపోవద్దు. ఆడవాళ్లకి, పిల్లలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదంటే కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఎక్కడుందో అడగండి. మగవాళ్లకైతే ఆదాయ పరిమితి, మరికొన్ని కేటగిరీలు ఉంటాయి.

పోలీస్ స్టేషన్‌లో పంచాయితీ పెట్టి "వారానికి నాలుగు రోజులు నీ దగ్గర, మూడు రోజులు నీ దగ్గర" అని తెల్ల కాగితం మీద రాయించుకొచ్చేవాళ్లు ఉన్నారు. అది కస్టడీ ఆర్డర్ కాదు. పెద్దమనుషుల కాగితం కూడా అంతే. ఒప్పందానికి వచ్చారు కదా, మంచిదే, దాన్ని లోక్ అదాలత్‌లోనో కోర్టు మీడియేషన్‌లోనో రికార్డ్ చేయించుకోండి, అప్పుడు దానికి డిక్రీ విలువ వస్తుంది.

3. చదువు క్లాజు ఎట్లా రాయించుకోవాలి

ఇది అసలైన పని, దీనికి తొందర పడొద్దు. పరస్పర అంగీకారంతో విడాకులైతే హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద వేసే పిటిషన్‌తో పాటు ఇచ్చే ఒప్పందంలో రాయించుకోండి. పోట్లాడుకునే కేసైతే పిటిషన్‌లో కోర్టుని ఏం కోరుతున్నారో రాసే ప్రేయర్ భాగంలోనే ఇవన్నీ ఉండాలి, అడగనిది ఆర్డర్‌లోకి రాదు.

మొదటిది నిర్ణయం. రోజువారీ విషయాలు, అంటే హోంవర్క్, ట్యూషన్, పిక్నిక్, స్కూల్ డే డాన్సు, బిడ్డ ఎవరి దగ్గర ఉంటే వాళ్లిష్టం. పెద్ద విషయాలు, అంటే స్కూల్ మార్చడం, స్టేట్ నుంచి సీబీఎస్ఈకి పోవడం, హాస్టల్లో వేయడం, ఇంటర్లో గ్రూపు, ఊరు మారడం, ఇద్దరూ మాట్లాడుకోవాలి. ఇంతవరకూ అందరూ రాస్తారు. మాట్లాడుకొని తేలకపోతే ఏంది అనేది ఎవరూ రాయరు. ఆ ముక్క కచ్చితంగా ఉండాలి: ఇన్ని రోజుల్లో అవతలోళ్లు జవాబు ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టే లెక్క, ఒప్పుకోకపోతే మీడియేషన్, అదీ కాకపోతే కోర్టు, అప్పటిదాకా బిడ్డ ఇప్పుడున్న స్కూల్లోనే కొనసాగాలి. ఇది లేకనే మే నెలంతా వాట్సాప్‌లో కొట్టుకొని, జూన్ 12న స్కూళ్లు తెరిచేటప్పటికి బిడ్డ ఏ స్కూలో తెలియని పరిస్థితి వస్తుంది.

రెండోది డబ్బు. "విద్యా ఖర్చులు" అని వదిలేయకుండా విడదీసి రాయండి. మా ఆఫీసులో ఒక బిడ్డకి ఏడాదిలో పడే రసీదులు చెప్తా చూడండి: ట్యూషన్ ఫీజు మూడు టర్ములు, పుస్తకాలు నోట్‌బుక్కులు, యూనిఫాం రెండు జతలు బూట్లు, వ్యాన్, ఎగ్జామ్ ఫీజు, ఒలింపియాడ్ పరీక్షలు, టూర్. ఇవి కాక బయట ట్యూషన్, పై క్లాసులకొస్తే జేఈఈ నీట్ కోచింగ్. అన్నింటికీ ఎవరెంత అనేది శాతంలో రాసుకుంటే మేలు, ఎందుకంటే ఈ ఏడు రాసుకున్న రూపాయి లెక్క నాలుగేళ్ల తర్వాత పనికిరాదు, ఫీజులు ఏటా పెరుగుతానే ఉంటాయి. డబ్బు నేరుగా స్కూల్ అకౌంట్‌కి కట్టాలి అని, ఫలానా తేదీలోపు అని, రసీదు ఫోటో అవతలోళ్లకి పంపాలి అని రాయండి.

మూడోది సమాచారం. కస్టడీ లేని పేరెంట్‌కి ప్రోగ్రెస్ కార్డు ఇవ్వాలా వద్దా అనేది ఆర్డర్‌లో రాసి ఉంటే మాకు తలనొప్పి ఉండదు. రాసి లేకపోతే ఒక్కో స్కూలు ఒక్కో రకంగా చేస్తుంది. మార్కులు, అటెండెన్స్, పేరెంట్స్ మీటింగ్ కబురు ఇద్దరికీ పోవాలి, స్కూల్ వాట్సాప్ గ్రూపులో ఇద్దరి నంబర్లూ ఉండాలి అని రాయించుకోండి.

నాలుగోది గేటు దగ్గర ఎవరికి అప్పజెప్పాలి అనేది.

నమూనాగా కొన్ని ముక్కలు ఇట్లా ఉండొచ్చు, తేలకపోతే ఏంది అనేదీ, గేటు సంగతీ కూడా వీటికి కలుపుకోండి: "మైనర్ బాలిక చదువుతున్న పాఠశాల ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, రవాణా ఖర్చులలో తండ్రి 70 శాతం, తల్లి 30 శాతం భరించాలి. తండ్రి తన వాటాను ప్రతి టర్ము గడువులోగా నేరుగా పాఠశాల ఖాతాకు చెల్లించాలి. ఇరువురూ పాఠశాల నుంచి మార్కులు, హాజరు వివరాలు పొందవచ్చు. పాఠశాల మార్పుకు 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలపాలి." 70, 30 ఉదాహరణకి రాశా, మీ సంపాదన బట్టి మార్చుకోండి.

ఇంకోటి, 18 నిండాక ఏంది? 144 కేసులో వచ్చే పోషణ మామూలుగా మైనారిటీ తీరేదాకానే. పెళ్లి కాని కూతురు తన్ను తాను పోషించుకోలేకపోతే హిందూ దత్తత, పోషణ చట్టం 20వ సెక్షన్ కింద తర్వాత కూడా అడగొచ్చు. కొడుకు విషయంలో గొడవ పడాల్సి వస్తుంది, ఆలోచించండి, ఇంటర్ సెకండియర్ మధ్యలోనే 18 వచ్చేసే పిల్లలు ఎంతమంది లేరు. అందుకే "మొదటి డిగ్రీ పూర్తయ్యేదాకా" అని ఒప్పందంలోనే రాసేయండి.

4. ఎవరెంత కట్టాలి

2020 నవంబర్‌లో రజనేశ్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు దీని మీద స్పష్టంగా చెప్పింది. పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రి భరించాలి, తల్లి కూడా బాగా సంపాదిస్తా ఉంటే ఇద్దరి మధ్య దామాషాలో పంచొచ్చు. ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్ రూపంలో కోర్టుకి ఇవ్వాలి. అప్లికేషన్ వేసిన తేదీ నుంచే భరణం లెక్కేయాలి అని కూడా అందులో ఉంది. కాబట్టి "చూద్దాంలే, మారతాడేమో" అని అప్లికేషన్ వేయకుండా ఆగితే ఆ నెలల డబ్బు పోయినట్టే.

తండ్రులకి ఒక మాట. మీరు చేతికి డబ్బిచ్చి, లెక్క లేదు పత్రం లేదు అంటే రేపు కోర్టులో కట్టినట్టు నిరూపించలేరు. స్కూల్‌కే కట్టండి, రసీదు మీద మీ పేరు రాయమని అడగండి, మేం రాస్తాం. పాత ట్యాక్స్ విధానంలో ఉంటే ట్యూషన్ ఫీజు ఎవరు కట్టారో వాళ్లకే ట్యాక్స్ మినహాయింపు వస్తుంది, దానికి కూడా రసీదే కావాలి.

ఆడపిల్ల పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతా ఉంటే అది ఎవరి చేతిలో ఉందో చూసుకోండి. ఒక పాపకి ఒక్క ఖాతానే ఉంటుంది, 18 నిండాక లేదా పదో తరగతి పాసయ్యాక పై చదువుకి అందులో సగం దాకా తీసుకోవచ్చు. పాస్‌బుక్ నాన్న బీరువాలో, పాప అమ్మ దగ్గర అంటే కాలేజీ ఫీజు కట్టేరోజు ఇబ్బంది పడతారు. ఒప్పందంలో దాని ఖాతా నంబర్ రాసి, కొనసాగించేది ఎవరో తేల్చేయండి.

5. స్కూల్ ఆఫీసులో చేయాల్సిన పని

ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ జిరాక్స్ తీసుకొని ప్రిన్సిపాల్‌ని కలవండి, ఒక కవరింగ్ లెటర్ ఇచ్చి ఇంకో కాపీ మీద స్కూల్ స్టాంపు వేయించుకోండి. లెటర్‌లో నాలుగు సంగతులు చాలు: బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది, గేటు దగ్గర ఎవరెవరికి పంపొచ్చు, ఫీజు ఎవరి నంబర్‌కి గుర్తు చేయాలి, మీటింగులకి ఎవరెవరిని పిలవాలి. ఆయన ఎట్లాంటోడు, ఆమె ఎట్లాంటిది, ఆ కథ మాకొద్దు. నిజం చెప్తున్నా, ఆ కథ ఆఫీసులో చెప్తే స్టాఫ్‌రూమ్‌కి పోతుంది, స్టాఫ్‌రూమ్ నుంచి క్లాసుకి పోతుంది.

మా దగ్గర రెండో తరగతి చదివే ఒక బాబు ప్రోగ్రెస్ కార్డులో రెండు సంతకాలు తనే పెట్టుకొచ్చాడు, అమ్మది, నాన్నది. పెన్సిల్‌తో దిద్ది దాని మీద పెన్నుతో. అమ్మ పెడితే నాన్న ఎందుకు పెట్టలేదని, నాన్న పెడితే ఆయన్ని ఎప్పుడు కలిశావని అడుగుతారంట. టీచరు ఏమీ అనలేదు, కార్డుకి ఇంకో కాపీ తీసి ఇద్దరికీ విడివిడిగా పంపే ఏర్పాటు చేసింది. మీ స్కూల్లో కూడా అడగండి, రెండో కాపీ ఇవ్వడం పెద్ద పనేం కాదు.

గేటు సంగతి. కోర్టు ఆర్డర్ లేకుండా "వాళ్ల నాన్న వస్తే పంపొద్దు" అని నోటితో చెప్తే స్కూల్ చేయగలిగింది చాలా తక్కువ, ఆయన కూడా తండ్రే కదా. ఆర్డర్ చూపిస్తే మాకు పట్టు ఉంటుంది.

6. స్కూల్ మారినా, ఊరు మారినా

ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా విద్యాహక్కు చట్టం, 2009 మీకు అండ. ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూల్‌కి మారాలంటే కారణంతో పని లేదు, పాత స్కూల్ హెడ్మాస్టరు వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ రాలేదని కొత్త స్కూల్ చేర్చుకోకుండా ఆపకూడదు. కింది క్లాసుల టీసీని రికార్డ్ షీట్ అంటారు మన దగ్గర. ప్రైవేట్ నుంచి ప్రైవేట్‌కి పోయేటప్పుడు మాత్రం బాకీ ఫీజు దగ్గర ఆగుతుంది వ్యవహారం, అందుకే పాత బాకీ ఎవరు తీర్చాలో కూడా ముందే రాసుకోండి.

కాగితం టీసీ చేతికొస్తే అయిపోయింది అనుకోవద్దు. ఆన్‌లైన్‌లో పాత స్కూలు బిడ్డని డ్రాప్ బాక్స్‌లోకి, అంటే స్కూల్ వదిలిన పిల్లల జాబితాలోకి వదలాలి, కొత్త స్కూలు బిడ్డ పెన్ నంబర్ (శాశ్వత విద్యా నంబర్) కొట్టి అక్కడి నుంచి లాగాలి. కోపంలో రాత్రికి రాత్రి బిడ్డని తీసుకెళ్లినోళ్లకి ఇదే తగులుతుంది, ఏడాది గడిచినా పేరు పాత స్కూల్లోనే కనిపిస్తా ఉంటుంది.

మన తిరుపతి, చిత్తూరోళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఇంకోటుంది. ఇక్కడ విడిపోతే ఒకరు చెన్నైకో వేలూరుకో, ఇంకొకరు బెంగళూరుకో పోవడం మామూలే, దగ్గరే కదా అనుకుంటారు. కానీ చదువు విషయంలో రాష్ట్రం దాటడం చిన్న సంగతి కాదు. తమిళనాడులో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చింది, కర్ణాటకలో కన్నడం కోసం 2015లో వచ్చింది. ఏడో తరగతి దాకా తెలుగు చదివిన బిడ్డని ఎనిమిదిలో తీసుకెళ్లి అక్కడ పడేస్తే ఆ భాషతోనే సతమతమవుతుంది. అంతకన్నా పెద్దది లోకల్ స్టేటస్. ఏపీలో ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే, మనం ఎస్వీ యూనివర్సిటీ ఏరియా కిందకొస్తాం. ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. మధ్యలో రెండేళ్లు చెన్నైలో చదివించి మళ్లీ తెచ్చారనుకోండి, స్టడీ సర్టిఫికెట్లు పెట్టేరోజు ఏడుపే. బిడ్డ ఏడో తరగతిలో ఉండగానే ఇద్దరూ కూర్చొని, ఎక్కడ సెటిల్ చేస్తాం అని తేల్చుకోండి. పడకపోయినా సరే, ఈ ఒక్క విషయానికి కూర్చోండి.

సెలవులు కూడా ముందే పంచుకోండి. దసరా ఒకరికి, సంక్రాంతి ఒకరికి, ఎండాకాలం చెరి సగం అనేది మామూలు పద్ధతి. తిరుపతిలో మేలో గంగమ్మ జాతర వస్తుంది, ఆ వారం బిడ్డ మా ఇంట్లోనే ఉండాలి అని ఇరువైపుల అవ్వాతాతలు పట్టుబడతారు, అదీ రాసుకుంటే పోలా. పరీక్షల ముందు రెండు వారాలు మాత్రం బిడ్డ ఒకే ఇంట్లో ఉండేట్టు చూడండి, పుస్తకాలు ఒక ఇంట్లో బిడ్డ ఇంకో ఇంట్లో అయితే చదువు సాగదు.

7. తల్లికి వందనం, సచివాలయం పనులు

తల్లికి వందనం అంటే బడికి పోయే పిల్లల తల్లులకి ఏపీ ప్రభుత్వం డబ్బులిచ్చే పథకం. 2025లో ఇచ్చిన లెక్క ప్రకారం ఒక్కో బిడ్డకి 15,000లో 13,000 తల్లి ఖాతాలో పడతాయి, 2,000 స్కూల్ నిర్వహణకి పోతాయి. విడిపోయినోళ్లకి ఇక్కడ చిక్కేందంటే, సచివాలయం రికార్డులో మీరింకా మీ ఆయన ఇంట్లోనే ఉన్నట్టు ఉంటారు. ఆయన కారు, ఆయన ఇన్‌కమ్ ట్యాక్స్, ఆ ఇంటి కరెంటు 300 యూనిట్లు దాటడం, ఇవన్నీ మీ నెత్తిన పడి పేరు కొట్టేస్తారు. విడాకుల డిక్రీ తీసుకొని సచివాలయంలో హౌస్‌హోల్డ్ (కుటుంబ రికార్డు), రైస్ కార్డు రెండూ విడదీయించుకోండి. బ్యాంక్ ఖాతాకి ఆధార్ లింకు ఉందో లేదో కూడా చూసుకోండి.

8. పేర్లు, పదో తరగతి నామినల్ రోల్

స్కూల్ రికార్డులో తండ్రి పేరు తీసేయమని కొంతమంది తల్లులు అడుగుతారు. విడాకులైనంత మాత్రాన తండ్రి పేరు పోదు, పోరాడి సాధించేంత లాభం కూడా అందులో లేదని నా అభిప్రాయం. ఇంటిపేరు సంగతి వేరు. 2022లో ఆకెళ్ల లలిత కేసులో బిడ్డ ఇంటిపేరు తల్లి నిర్ణయించొచ్చు అని సుప్రీంకోర్టు చెప్పింది, అయితే అందులో తండ్రి చనిపోయాడు, తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. తండ్రి బతికుండి ఒప్పుకోకపోతే మీ కేసు వేరేగా ఉంటుంది.

ఏ మార్పు చేసినా తొమ్మిదో తరగతి లోపే చేసుకోండి. పదిలో నామినల్ రోల్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) బోర్డుకి పోయాక, సర్టిఫికెట్ అచ్చయ్యాక దిద్దించుకోవాలంటే చెప్పులరగాల్సిందే. ఆధార్, బర్త్ సర్టిఫికెట్, స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్ మూడింట్లో పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయా చూడండి. అపార్ ఐడీకి (విద్యార్థులకి దేశమంతటా ఇచ్చే ఐడీ) కూడా ఆధార్ పేరే చూస్తారు, దాని సమ్మతి ఫారం మీద ఒక పేరెంట్ సంతకం సరిపోతుంది. ఒరిజినల్స్ ఎవరి దగ్గరున్నాయో రాసుకోండి, రెండోవాళ్లకి స్కాన్ కాపీలు ఇవ్వండి.

9. అవతలోళ్లు మాట తప్పితే

ముందు వాట్సాప్‌లో మర్యాదగా, తేదీతో అడగండి, ఆ మెసేజే రేపు సాక్ష్యం. తర్వాత లాయర్ నోటీసు. అప్పటికీ కట్టకపోతే 144 ఆర్డర్ అయితే వారెంట్ అడగొచ్చు, బకాయి ఉన్న ఒక్కో నెలకి ఒక నెల దాకా జైలు కూడా వేయొచ్చు. కానీ బాకీ పడ్డ తేదీ నుంచి ఏడాది లోపు అప్లికేషన్ వేయాలి, లేకపోతే ఆ పాత బకాయికి వారెంట్ రాదు. ఈ ఏడాది లెక్క మర్చిపోయి డబ్బులు పోగొట్టుకున్నోళ్లని చూశా. జీతగాడైతే జీతం అటాచ్‌మెంట్, అంటే జీతంలోంచే కోయించడం, అడగమని లాయరుకి చెప్పండి.

బిడ్డని చూపించకపోయినా, మార్కులు దాచినా అదే కోర్టులో అప్లికేషన్ వేయండి, స్కూల్ గేటు దగ్గర అరవొద్దు. కస్టడీ ఆర్డర్ శాశ్వతం కాదని 1973లోనే రోసీ జాకబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, పరిస్థితులు మారితే మార్చమని అడగొచ్చు. యూకేజీలో ఉన్నప్పుడు వచ్చిన ఆర్డర్ ఇంటర్‌కి సరిపోదు. ఐదో తరగతి అయ్యాక ఒకసారి, పదో తరగతి ముందు ఒకసారి దాన్ని బయటికి తీసి చదవండి, ఫీజు శాతాలు, సెలవులు, హాస్టల్ సంగతి ఇద్దరికీ ఇంకా సరిపోతున్నాయా చూసి, సరిపోకపోతే మార్పు మెమో ఇద్దరి సంతకాలతో కోర్టులో వేయించుకోండి.